మునివేళ్ల మీద నడిచే బిడ్డ: కారణం వెతకడం ఇంటి దగ్గరే మొదలుపెట్టండి

"ఏ స్కాన్ తీయించాలి మేడం?" నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదట అడిగేది ఇదే. బిడ్డ మడమ నేలకు ఆనించకుండా మునివేళ్ల మీద నడుస్తుంటుంది. ఫోన్లో వెతికితే ఒకచోట ఆటిజం అని, ఇంకోచోట మెదడు జబ్బు అని కనిపించి ఉంటుంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

నేను తిరుపతిలో పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తుంటాను. రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు నుంచి పిల్లల్ని తీసుకొస్తుంటారు. వాళ్లందరికీ ముందుగా చెప్పే మాటే ఇక్కడా చెబుతాను. మునివేళ్ల నడక ఒక లక్షణం మాత్రమే. చాలామంది పిల్లల్లో దాని వెనక ఏ జబ్బూ ఉండదు. కొద్దిమందిలో మాత్రం ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడనంత పెద్ద కారణం ఉంటుంది. వీళ్లెవరో వాళ్లెవరో తేల్చేవి నాలుగు సంగతులు: ఎప్పటి నుంచి, ఒక కాలా రెండు కాళ్లా, చెబితే మడమ ఆనించగలుగుతున్నారా, దాంతోపాటు ఇంకేమైనా ఉందా. ఈ నాలుగింటికీ జవాబులు ఆస్పత్రిలో కన్నా మీ ఇంట్లోనే బాగా దొరుకుతాయి. డాక్టర్ మీ బిడ్డను చూసేది పది నిమిషాలు, మీరు చూసేది రోజంతా.

వయసు, మొదలైన రోజు

పిల్లలు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు నడక మొదలుపెడతారు. గోడ పట్టుకుని, మంచం అంచు పట్టుకుని అడుగులేసే రోజుల్లో మునివేళ్ల మీద లేవడం మామూలే. రెండేళ్లు వచ్చేసరికి చాలామందికి మడమ ఆనించి నడవడం అలవాటైపోతుంది. రెండేళ్లు దాటాక కూడా రోజులో ఎక్కువసేపు అలాగే నడుస్తుంటే ఒకసారి చూపించాలి. మూడేళ్లు దాటితే ఇక వాయిదా వేయొద్దు.

భయం తగ్గడానికి ఒక లెక్క చెబుతాను. స్వీడన్‌లో ఐదున్నరేళ్ల పిల్లల్ని చూసినప్పుడు, వేరే జబ్బేమీ లేకుండా ఎప్పుడో ఒకప్పుడు ఇలా నడిచినవాళ్లు నూటికి ఐదుగురు దాకా తేలారు. ఆ వయసుకు కూడా ఇంకా నడుస్తున్నవాళ్లు నూటికి ఇద్దరే. అలా నడిచిన పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి పదేళ్ల వయసు వచ్చేసరికి చికిత్స ఏదీ లేకుండానే పోయింది. కాబట్టి ఇది మీ ఒక్క ఇంట్లో వచ్చిన వింత కాదు. కానీ ఈ లెక్కలో "వేరే జబ్బేమీ లేకుండా" అనే మాట ఉంది చూశారా, అది ముందు తేలాలి. తేలకుండానే "అదే పోతుందిలే" అని ఎవరైనా అంటే, ఆ మాట ఇంకా మీ బిడ్డకు వర్తించదు.

వయసు కన్నా నేను గట్టిగా అడిగేది మొదలైన రోజు గురించి. మొదటి అడుగు నుంచే ఇలా ఉందా? లేక కొన్ని నెలలు మడమ ఆనించి చక్కగా నడిచి, ఆ తర్వాత మొదలైందా? "గుర్తు లేదు మేడం" అంటారు. ఫోన్లో పాత వీడియోలు తీయమంటాను. మొదటి పుట్టినరోజు, పుట్టు వెంట్రుకలకు కొండకు పోయిన రోజు, మేనమామ పెళ్లి, ఎక్కడో ఒకచోట బిడ్డ నడుస్తూ కనిపిస్తుంది. అక్కడ పాదం చూడండి. మొదట బాగా నడిచి తర్వాత మారిన నడక ఎప్పుడైనా సరే డాక్టర్ చూడాల్సిందే. అలవాటు కొద్దీ వచ్చే మునివేళ్ల నడక దాదాపు ఎప్పుడూ మొదటి అడుగులతోనే వస్తుంది.

నిన్నటిదాకా బాగున్న బిడ్డ ఈరోజు పొద్దున ఒక్క కాలు మునివేళ్ల మీద పెడుతుంటే ముందు ఆ అరికాలు చూడండి. ముల్లు, పగులు, చెప్పు కరిచిన పొక్కు, చిన్నదైపోయిన బూటు, ఇవన్నీ నేను చూసినవే. అరికాలు బాగుంటే తుంటి, మోకాలు నొప్పి ఉన్నాయేమో డాక్టర్‌కు చూపించాలి. రెండు కాళ్లూ ఒక్కసారిగా అలా అయ్యి, పిక్కలు ముట్టుకుంటే ఏడుస్తూ, దానికి ముందు వారంలో జలుబు, జ్వరం వచ్చి ఉంటే వైరల్ జ్వరం తర్వాత వచ్చే కండరాల వాపు కావచ్చు. అది ఎక్కువ మందికి వారంలోపే తగ్గిపోతుంది. అయితే మూత్రం కాఫీ రంగులోకి మారినా, కాళ్లు బలహీనపడి లేవలేకపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

ఒక కాలా, రెండు కాళ్లా

రెండు కాళ్లూ సమానంగా మునివేళ్ల మీద ఉంటే అలవాటు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒక్క కాలు మాత్రమే అయితే దాన్ని నేను అలవాటు అనుకోను. ఆ కాలు పొట్టిగా ఉండొచ్చు. తుంటి కీలు పుట్టుకతోనే గూటిలోంచి జారి ఉండొచ్చు. అలాంటప్పుడు బిడ్డ కుంటుతుంది, డైపర్ మార్చేటప్పుడు ఆ వైపు తొడ బయటికి సరిగా విచ్చుకోదు. లేదా శరీరంలో ఆ సగం వైపు మెదడు నుంచి అందే ఆదేశాల్లో తేడా ఉండొచ్చు. చివరిదానికి ఒక ఆనవాలు చెబుతాను. ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ సమానంగా వాడతారు. అప్పుడే ఒక చెయ్యే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచేదంటే, ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. "మా అమ్మాయి పుట్టుకతోనే ఎడమచేతి వాటం" అని మురిసిపోతూ చెప్పిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆ వయసులో చేతి వాటం ఏర్పడదు.

ఇంట్లో చూడాల్సింది

చూసేటప్పుడు బిడ్డకు తెలియకూడదు. "నడువు నాన్నా, సరిగ్గా నడువు" అంటే రెండడుగులు మడమ ఆనించి నడిచి చూపిస్తారు. అలా చెబితే ఆనించగలగడం మంచి సంగతే, దాన్ని రాసిపెట్టుకోండి. కానీ అసలు నడక ఆటలో ఉన్నప్పుడు బయటపడుతుంది. చెప్పులు తీసేసి, మోకాళ్లు కనిపించే నిక్కరు వేసి, ఫోన్‌ను నేల దగ్గర పెట్టి వీడియో తీయండి. ఎదురుగా వచ్చేటప్పుడు ఒకటి, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పరిగెత్తేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు కూడా తీయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయండి. పొద్దున బాగా నడిచి, పొద్దుగూకేసరికి కాలు మెలికపడి మునివేళ్ల మీదకు వచ్చేస్తుంటే అది అరుదైన ఒక కండర బిగుతు జబ్బు కావచ్చు. దానికి మందు ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. పొద్దున్నే క్లినిక్‌కు తీసుకొస్తే మాకది కనపడదు. మీ సాయంత్రం వీడియోలోనే దొరుకుతుంది.

మన ఊరి ఎండల్లో ఇంకో జాగ్రత్త. మధ్యాహ్నం మిద్దె మీదో వాకిట్లో బండల మీదో వీడియో తీయొద్దు. కాలే బండ మీద పెద్దవాళ్లం కూడా మునివేళ్ల మీదే పోతాం.

కాళ్లు తడిపి గచ్చు మీద నడిపించండి. ఆరేలోపు జాడలు చూడండి. మడమ గుర్తు ఎన్ని అడుగుల్లో పడింది, రెండు కాళ్లకూ ఒకేలా ఉందా అన్నది ఫొటోలో తేలిగ్గా తెలుస్తుంది. పాత చెప్పులు పారేయకుండా తీసుకురండి. ముందు భాగం అరిగిపోయి మడమ వైపు కొత్తదిలా ఉంటే, ఒక చెప్పు ఒకలా ఇంకోటి ఇంకోలా అరిగితే, అవి నాకు చాలా చెబుతాయి.

తర్వాత, ఆడుకునేటప్పుడు గొంతుక్కూర్చుంటున్నారా చూడండి. మట్టిలో ఆడేటప్పుడు పిల్లలు సహజంగానే అలా కూర్చుంటారు. అప్పుడు మడమలు నేలకు ఆనుతున్నాయా? ఆనించి కూర్చుని, ముందుకో వెనక్కో పడకుండా ఉండగలిగితే పిక్క కండ, మడమ వెనక నరం (నాడి కాదు, పిక్కను మడమకు కలిపే తాడులాంటి స్నాయువు) ఇంకా బిగుసుకోలేదని నాకు ధైర్యం వస్తుంది. కూర్చోబోతే వెనక్కి పడిపోతుంటే, లేదా మడమలు గాల్లోనే ఉంటే బిగుసుకోవడం మొదలైనట్టే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, నేలమీంచి లేవడం. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

చంద్రగిరి వైపు నుంచి ఒక అవ్వ మనవణ్ని తీసుకొచ్చింది. నాలుగేళ్ల వాడు. బడిలో టీచర్ "మునివేళ్ల మీద నడుస్తున్నాడు" అని చెబితే వచ్చారు. తల్లి, తండ్రి నడక గురించే చెబుతున్నారు. అవ్వ ఒక పక్కన కూర్చుని, "నడక సంగతి అట్ల పెట్టమ్మా. అన్నం తిని లేసేటప్పుడు వీడు తొడల మింద చేతులు పెట్టుకుంటాడు, ముసలోళ్ల మాదిరి. కొండ మెట్లు పది ఎక్కేలోపల ఎత్తుకోమంటాడు" అంది. వాణ్ని నేలమీద పడుకోబెట్టి, పక్కన ఏదీ పట్టుకోకుండా లేవమన్నాను. ముందు బోర్లా తిరిగాడు. చేతులు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది ఇంకో మోకాలి మీద, అక్కడ నుంచి తొడల మీదకు చేతులు ఒక్కోటీ జరుపుకుంటూ తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు నిలబడ్డాడు. ఆ పని వాడు ఏడవకుండా, నవ్వుతూ చేశాడు. వాడికి అది మామూలే.

తుంటి, తొడ కండరాల్లో బలం తగ్గినప్పుడు పిల్లలు అలా లేస్తారు. మగపిల్లల్లో దీంతోపాటు మునివేళ్ల నడక, తరచుగా పడిపోవడం, తోటి పిల్లలతో సమానంగా పరిగెత్తలేకపోవడం, మెట్లకు కష్టపడటం ఉంటే డుషెన్ అనే కండరాల క్షీణత జబ్బు ఉందేమో వెంటనే చూడాలి. ఆ జబ్బులో పిక్కలు లావుగా, ముట్టుకుంటే రబ్బరులా గట్టిగా ఉంటాయి. "పిక్కలు చూడండి మేడం, పైల్వాన్ మాదిరి" అని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ లావు బలం కాదు. ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పెగలదు, కానీ చెప్పకుండా ఉండటం ఇంకా పెద్ద అన్యాయం.

ఎందుకంటే త్వరగా తెలిస్తే చేయగలిగేది ఉంది. మొత్తంగా నయం చేసే మందు లేకపోయినా, సరైన సమయంలో స్టెరాయిడ్లు మొదలుపెడితే నడవగలిగే కాలం పెరుగుతుంది. గుండెను, ఊపిరిని ముందు నుంచే కనిపెట్టుకోవచ్చు. తల్లిలో ఆ జన్యువు ఉందేమో చూడొచ్చు. ఉంటే పుట్టబోయే ప్రతి మగబిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది కాబట్టి, ఇంకో కాన్పుకు ముందే ఆ కుటుంబానికి తెలియాలి.

ఇక్కడ ఇంకో మాట. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఏ జబ్బు వచ్చినా "మేనరికం చేసుకున్నందుకే" అని కోడల్నో కొడుకునో దెప్పుతారు. డుషెన్ మేనరికం వల్ల వచ్చేది కాదు. దాదాపు మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి కూడా ఆ జన్యుదోషం ఉండదు, బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. మేనరికాల్లో ఎక్కువగా కనిపించే కండరాల, నరాల జబ్బులు వేరే ఉన్నాయి, అందుకే డాక్టర్ ఆ సంగతి అడుగుతారు. అడిగితే దాచకుండా చెప్పండి. అది తప్పొప్పుల లెక్క కాదు, ఏ పరీక్ష చేయించాలో తేల్చుకోవడానికి.

చేత్తో చూడాల్సింది

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. నిద్రలో ఉన్నప్పుడు ఒకసారి, మెలకువలో ఒకసారి చూడండి. మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని మెల్లగా ముఖం వైపు తోయండి. పాదం కాలితో లంబకోణం దాటి ఇంకొంచెం, కనీసం 10 డిగ్రీలు పైకి రావాలి. తర్వాత మోకాలు మడిచి అదే చేయండి. మడిచినప్పుడు వచ్చి, చాపినప్పుడు రాకపోతే పైపిక్క కండ బిగుసుకుందని అర్థం. రెండు విధాలా రాకపోతే లోపలి కండ, మడమ నరం కూడా పొట్టిబడ్డాయని అర్థం. నిద్రలో మెత్తగా వంగి, మెలకువలో మొరాయిస్తుంటే ఆ సంగతి చెప్పండి. మెదడు నుంచి వచ్చే బిగుతుకు, పొట్టిబడిన నరానికి మధ్య తేడా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. బలవంతంగా మాత్రం తోయొద్దు. మీరు చేసేది పరీక్ష, చికిత్స కాదు.

బోర్లా పడుకోబెట్టి నడుము కింది భాగం, పిరుదుల చీలిక పైన చూడండి. అక్కడ లోతైన గుంట, వెంట్రుకల కుచ్చు, ఎర్రటి మచ్చ, మెత్తటి గడ్డ ఏదైనా ఉంటే వెన్నుపాము కింద ఎక్కడో అతుక్కుని ఉండొచ్చు. బిడ్డ పెరిగేకొద్దీ వెన్నుపాము సాగి, నరాలు దెబ్బతినొచ్చు. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతున్నా, మలబద్ధకం కొత్తగా మొదలైనా, పాదం ఒంపు పెరుగుతున్నా ఆ వైపే ఆలోచించాలి. స్నానం చేయించే అమ్మకు ఆ గుంట ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది, కానీ నడకకు దాంతో సంబంధం ఉందని తెలియక ఎవరూ చెప్పరు.

పుట్టినప్పటి కాగితాలు కూడా తీయండి. నెలలు నిండకుండా పుట్టిందా, బరువెంత, వెంటనే ఏడ్చిందా, ఐసీయూలో పెట్టారా, కామెర్లు బాగా ఎక్కువయ్యాయా, ఫిట్స్ వచ్చాయా. నెలలు నిండకుండా పుట్టి, ఆలస్యంగా కూర్చుని, ఆలస్యంగా నడిచి, నడిచేటప్పుడు రెండు తొడలూ కత్తెరలా అడ్డం పడుతుంటే సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడుకు దెబ్బ తగిలి కదలికలు, కండరాల పట్టు దెబ్బతినడం) వల్ల కావచ్చు. అలాంటి పిల్లల్లో తెలివితేటలు చక్కగా ఉండొచ్చు. "బాగా మాట్లాడుతున్నాడు కదా, మెదడు జబ్బు ఎట్లా అవుతుంది" అని కొట్టిపారేయొద్దు.

కుటుంబంలో ఎవరైనా చిన్నప్పుడు ఇలా నడిచేవాళ్లా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. "వాళ్ల నాయన కూడా ఐదేళ్ల దాకా ఇట్లే నడిచినాడు" అంటే చాలావరకు ఊరట కలిగించే మాటే. ఆ నాయన ఇప్పుడెలా నడుస్తున్నాడన్నది కూడా అంతే ముఖ్యం. పెద్దయ్యాక కూడా తడబడి పడిపోతుంటే, పాదాల ఒంపు బాగా ఎక్కువగా ఉంటే, పిక్కలు సన్నబడి ఉంటే వంశంలో వచ్చే నరాల జబ్బు ఉండొచ్చు. తండ్రిని కూడా చెప్పులు తీయించి నడిపిస్తాను. సిగ్గుపడతారు, అయినా నడుస్తారు.

ఆటిజం భయం

ఫోన్లో వెతికినవాళ్లందరికీ ముందు దొరికేది ఇదే కాబట్టి చెబుతున్నాను. ఆటిజం ఉన్న పిల్లల్లో కొంతమంది మునివేళ్ల మీద నడుస్తారు, నిజమే. కానీ మునివేళ్ల మీద నడిచినంత మాత్రాన ఆటిజం కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా, కావాల్సింది వేలితో చూపిస్తోందా, ఆకాశంలో విమానం కనిపిస్తే మీకూ చూపించి మీ ముఖం చూస్తోందా, మాటలు వస్తున్నాయా, వచ్చిన మాటలు పోయాయా. ఇవన్నీ బాగుంటే నడక ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. వీటిలో తేడా ఉంటే నడక ఎలా ఉన్నా చూపించాలి. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది, పిల్లల డాక్టర్ దగ్గర అడగండి. మాట సరిగా రాని ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష కూడా చేయించాలి.

ఎవరికి చూపించాలి, ఏ పరీక్ష

ముందు పిల్లల డాక్టర్. ఎముకల డాక్టర్ దగ్గరికి నేరుగా పోవడం మన వైపు అలవాటు, ఇంకా కొంతమంది పుత్తూరు కట్టుకు తీసుకుపోదామంటారు. విరిగిన ఎముక సంగతి వేరు. ఇక్కడ ఏ ఎముకా విరగలేదు. కారణం తెలియకుండా కాలిని వంచి కట్టు కట్టించొద్దు.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల విభాగం ఉంది, స్విమ్స్‌లో న్యూరాలజీ ఉంది, టీటీడీ నడిపే బర్డ్‌లో ఎముకలు, కీళ్లకు సంబంధించినవి చూస్తారు. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. అంగన్‌వాడీకి పోయే బిడ్డ అయితే ఇంకో దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి డాక్టర్ల బృందం రావాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని వాళ్లు చూసి, అవసరమైతే డీఈఐసీ అనే, పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే జిల్లా స్థాయి కేంద్రానికి ఉచితంగా పంపిస్తారు. బృందం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఏఎన్ఎమ్మనో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.

డాక్టర్ బిడ్డ బట్టలు తీయించి వెన్ను చూడాలి, నడిపించి చూడాలి, నేలమీంచి లేపించి చూడాలి, మడమ వంచి చూడాలి, చిన్న సుత్తితో మోకాలు, మడమ దగ్గర తట్టి చూడాలి. ఇవేవీ చేయకుండా ఎంఆర్ఐ రాసిస్తే మర్యాదగానే "సార్, ఏ అనుమానంతో రాస్తున్నారు?" అని అడగండి. చిన్నపిల్లలకు ఎంఆర్ఐ అంటే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, ఖర్చు కూడా. తలకు తీయాలా, వెన్నుకు తీయాలా అన్నది పైన చెప్పినవి చూసిన తర్వాతే తెలుస్తుంది. సుత్తితో తట్టినప్పుడు కాలు మరీ ఎగిరితే మెదడు, వెన్నుపాము వైపు ఆలోచిస్తారు. అస్సలు కదలకపోతే నరాల వైపు, అప్పుడు నరాల వేగం చూసే పరీక్ష. ఒక్క కాలైతే, తుంటి అనుమానం ఉంటే ఎక్స్‌రే.

సీకే అనే రక్తపరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఒక ఎంజైమును అది కొలుస్తుంది. నడక ఆలస్యమైన, తరచుగా పడే, లేవడానికి ఇబ్బందిపడే మగపిల్లాడు మునివేళ్ల మీద నడుస్తుంటే ఈ పరీక్ష ముందు చేయాలి. మామూలుగా వందల్లో ఉండేది డుషెన్‌లో వేలల్లో వస్తుంది, 10,000 కూడా దాటుతుంది. అలా వస్తే తర్వాత జన్యుపరీక్ష. జ్వరం తర్వాత కండరాల వాపు ఉన్నా, కండకు ఇంజెక్షన్ వేసిన వెంటనే చూసినా సీకే పెరుగుతుంది. ఆ విషయం చెప్పి కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించండి.

దీంతో ముడిపడిన ఒక పొరపాటు మన వైపు తరచుగా జరుగుతోంది. వేరే దేనికో రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వస్తాయి. లివర్ దెబ్బతిందని, కామెర్లని పసరు తాగించడం మొదలుపెడతారు. పసరు తాగి, పథ్యం చేసి, బక్కచిక్కి నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఉన్నారు. ఆ రెండు ఎంజైములూ లివర్‌లోనే కాదు, కండరాల్లో కూడా ఉంటాయి. కళ్లు పచ్చగా లేకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఈ రెండే పెరిగితే, "సీకే చూద్దామా సార్" అని అడగండి. ఆ ఒక్క మాట వల్ల నెలలు ఆదా అవుతాయి.

ఆగకూడనివి

వయసు ఎంతైనా సరే, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎదురుచూడొద్దు: ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడం, ఒక్క కాలే మునివేళ్ల మీద ఉండటం, బాగా నడిచి తర్వాత మారడం, వచ్చిన పనులు రాకుండా పోవడం, తొడలు పట్టుకుని లేవడం, వెన్ను కింద గుంట లేదా కుచ్చు, మలమూత్రాల పట్టు తప్పడం, మడమ చేత్తో తోసినా లంబకోణానికి రాకపోవడం.

అప్పటిదాకా ఇంట్లో బేబీ వాకర్ ఉంటే తీసేయండి. అందులో కూర్చున్న బిడ్డ మునివేళ్లతోనే నేలను తంతుంది. పడిపోయే ప్రమాదాల వల్ల కెనడాలో 2004లోనే వాటిని నిషేధించారు. తిట్టడం, "గుదికాలు పెట్టు, గుదికాలు పెట్టు" అని రోజంతా అనడం వద్దు. బిడ్డకు నడకంటేనే బెదురు పుడుతుంది.

అన్నీ చూసి ఏమీ లేదని తేలితే

ఎక్కువ మందికి ఇదే తేలుతుంది. వేరే కారణాలన్నీ లేవని చూసుకున్నాక మిగిలేదాన్నే అలవాటు నడక అంటాం. దానికని వేరే పరీక్ష లేదు. "ఏమీ లేదన్నారు" అని ఫైలు మూసేసి పోవద్దు. బిడ్డ ఎత్తు పెరిగే వయసులో పిక్క కండ, మడమ నరం ఎముకతో సమానంగా సాగకపోతే మడమ వంగడం నెమ్మదిగా తగ్గిపోతుంది. అందుకే నేను మోకాలు చాపినప్పుడు ఎంత, మడిచినప్పుడు ఎంత అని రెండు కాళ్లకూ డిగ్రీలు కొలిచి, తేదీ వేసి ఫైల్లో రాసిస్తాను. ఆరు నెలలకోసారి అదే కొలత మళ్లీ తీస్తాం. మీరు వేరే చోట చూపించుకున్నా ఆ అంకెలు రాసివ్వమని అడగండి.

కొలత నిలకడగా ఉండి, మడమ ఆనించే సమయం పెరుగుతుంటే వ్యాయామాలు, ఆటలు చాలు. గొంతుక్కూర్చుని ఆడించడం, ఏటవాలు మీద పైకి నడిపించడం, మడమల మీద నడిపించడం. కొలత తగ్గుతుంటే పిండికట్లు మార్చి మార్చి వేయడం, పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ (స్ప్లింట్) తొడగడం లాంటివి డాక్టర్‌తో కలిసి ఆలోచిస్తాం. ఆ మధ్యలో ఎప్పుడైనా పైన చెప్పిన ఆగకూడని వాటిలో ఏదైనా కొత్తగా కనిపిస్తే, ఆరు నెలలు ఆగకుండా పాత ఫైలు, కొత్త వీడియో రెండూ పట్టుకుని రండి.